శాంతి సేనకు జైలు నిపుణులు కావాలంట! మన జైళ్ల సంగతేంది?

(తిరుపతిలో జరిగిన కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నే బస్సులు పట్టుకుని పుంగనూరు నుంచి, పలమనేరు నుంచి, సత్యవేడు నుంచి, శ్రీకాళహస్తి నుంచి వచ్చినారు. కొందరు ఈ పొద్దు కూలి పోగొట్టుకుని వచ్చినారు. అందుకని నేరుగా విషయంలోకి పోతాం. మమ్మల్ని మాట్లాడమన్న విషయం 'చట్టం-దళితులు' అని. ఆ మాట ఎత్తే ముందు ఒక కాగితం కథ చెప్పాల.

పోయిన నెల చిత్తూరు పక్క ఒక దళితవాడ నుంచి తల్లీ కొడుకూ మా దగ్గరికి వచ్చినారు. ఊరి పేరు, మనిషి పేరు ఇక్కడ చెప్పం. ఆ పిల్లోడు ఇంటర్ పాసయి, డిగ్రీ మధ్యలో ఆపేసి, కానిస్టేబుల్ సెలక్షన్‌కు పోయి పరుగులో రెండు సెకన్లకు పోగొట్టుకున్నోడు. వాడి చేతిలో ఒక కాగితం. పైన నీలం రంగులో భూగోళం బొమ్మ, దానికి రెండు పక్కలా ఆలివ్ కొమ్మలు. కింద అంతా ఇంగ్లీషు. ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షక దళంలో జైలు అధికారి ఉద్యోగం, నెలకు మూడు లక్షల జీతం, తిండి, బస ఉచితం. పనిచేసే దేశం: ఆఫ్రికా.

ఆఫ్రికా ఒక దేశం కాదు, 54 దేశాలున్న ఖండం. ఆ ఒక్క మాట చదివితేనే కాగితం దొంగదని తెలిసిపోతుంది. కానీ వాడికి ఆ మాట చెప్పేవాళ్లు ఎవరున్నారు? రెండు విడతల్లో లక్షా ఎనభై వేలు కట్టినాడు. ఇంట్లో ఉన్న రెండు జెర్సీ ఆవులను అమ్మినారు. చాలకపోతే తల్లి డ్వాక్రా గ్రూపులో అప్పు తెచ్చింది. డబ్బు ముట్టినాక ఏజెంటు ఫోను మూగబోయింది. ఇంతవరకూ అయితే మోసం, దుఃఖం. అంతకన్నా పెద్ద గాయం ఊళ్లో తగిలింది. రచ్చబండ దగ్గర కూర్చున్న పెద్దకులపోళ్లు నవ్వినారంట. "వీళ్లకు పాలు పిండేది చాల్లేదు, ఐక్యరాజ్యసమితి కావాల్సొచ్చిందే" అని. ఆ పిల్లోడు ఆ పొద్దు నుంచి రచ్చబండ మీదుగా పోకుండా చెరువు కట్ట మీద చుట్టుదోవన పోతా ఉండాడు.

ఆ తల్లి మాకు ఏడుస్తా చెప్పలేదు. గట్టిగానే అడిగింది. "అబ్బా, ఈ కాగితం దొంగదే, ఒప్పుకున్నా. కానీ ఆ ఉద్యోగం అనేది నిజంగా ఉండాదా, లేదా? ఉంటే అది ఎవురికిస్తారు?" అని.

ఆ ప్రశ్నకు జవాబు వెతకబోయి మేము చాలా దూరం పోయినాం. ఈ పొద్దు ప్రసంగం అంతా ఆ తల్లికి చెప్పాల్సిన జవాబే.

ఉద్యోగం ఉండాదమ్మా. నిజంగానే ఉండాది. యుద్ధాలు జరిగి రాజ్యం కూలిపోయిన దేశాలకు ఐక్యరాజ్యసమితి 1948 నుంచి శాంతి దళాలను పంపుతా ఉంది. మొదట్లో సైనికులే పోయేవాళ్లు. తరువాత పోలీసులు పోయినారు. పోయినాక తెలిసిందేమంటే, పోలీసు ఒకణ్ణి పట్టుకుంటే వాడిని పెట్టడానికి జైలు లేదు, విచారించడానికి జడ్జి లేడు, వాదించడానికి ప్లీడరు లేడు. ఆఖరికి పోలీసు వాడిని వదిలేయాల, లేదంటే అన్యాయంగా కట్టేసి ఉంచాల. 1999లో కొసావోలోనూ తూర్పు తైమూరులోనూ ఐక్యరాజ్యసమితే పాలన నెత్తికెత్తుకుని కోర్టులు, జైళ్లు నడపాల్సొచ్చింది. ఆ తరువాత న్యాయం, జైళ్లు అని ఒక విభాగమే ఏర్పడింది. కాంగో, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్, దక్షిణ సూడాన్, హైతీ, మాలి లాంటి చోట్లకు జైలు అధికారులను, ప్రాసిక్యూటర్లను, జడ్జీలను పంపినారు. వాళ్ల పని ముఖ్యంగా అక్కడి జైలు సిబ్బంది పక్కన నిలబడి నేర్పడం, సలహా చెప్పడం, ఖైదీల రిజిస్టర్లు సరిచేయించడం, తిండి నీళ్లు అందేట్టు చూడడం.

ఇక ఎవరికిస్తారు అనేది. ఈ జైలు అధికారులను ఎక్కువ భాగం ఆయా దేశాల ప్రభుత్వాలే పంపుతాయి. ఐక్యరాజ్యసమితి సభ్య దేశాలకు లేఖ రాస్తుంది, మాకు ఇన్ని ఏండ్ల అనుభవమున్న ఇంతమంది కావాలని. అప్పటికే జైలు శాఖలో పనిచేస్తా ఉన్న అధికారుల పేర్లను ప్రభుత్వం న్యూయార్కులోని తన కార్యాలయం ద్వారా పంపిస్తుంది. అక్కడ పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. జీతం సొంత ప్రభుత్వం ఇస్తుంది, అక్కడ ఉన్నన్నాళ్లూ రోజు భత్యం ఐక్యరాజ్యసమితి ఇస్తుంది. అంటే ఇంటర్ పాసయి ఇంట్లో ఉన్న పిల్లోడు ఏజెంటు ద్వారా పోయే దోవ అది కాదు. వేరే సివిలియన్ ఉద్యోగాలూ ఉన్నాయి, వాటికి ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ పెద్ద చదువు, ఏండ్ల అనుభవం అడుగుతారు. ఇంకొక మాట చెప్తాం, ఇది మీ ఊళ్లకు పోయి దండోరా వేయాల: ఐక్యరాజ్యసమితి ఏ ఉద్యోగానికీ, ఏ దశలోనూ, ఒక్క రూపాయి అడగదు. దరఖాస్తుకు అడగదు, ఇంటర్వ్యూకు అడగదు, వైద్య పరీక్షకు అడగదు. డబ్బు అడిగినాడంటే వాడు దొంగే. పైగా 2025లో డబ్బులు చాలక శాంతి దళాల్లో దాదాపు నాలుగో వంతు మందిని తగ్గిస్తామని వాళ్లే ప్రకటించినారు. ఉన్నవాళ్లను వెనక్కి పంపుతా ఉంటే, మన ఊరి ఏజెంటు మాత్రం కొత్తవాళ్లను ఎక్కిస్తానంటా ఉండాడు!

రాయచోటి, పీలేరు, మదనపల్లె పక్క వాళ్లకు ఈ ఏజెంట్ల సంగతి మేము చెప్పాల్సిన పని లేదు. కువైట్‌కు పంపుతామని, సౌదీకి పంపుతామని ఎన్ని ఇండ్లు ముంచినారో మీకే బాగా తెలుసు. ఇప్పుడు కాగితం మీద బొమ్మ మారింది, అంతే.

అన్నలారా, తూర్పు తైమూరు అన్నాం కదా. ఆ కథ కొంచెం నిదానంగా చెప్పుకోవాల. అది ఇండోనేసియా పక్కన చిన్న దేశం. ఇరవై నాలుగేండ్లు ఇండోనేసియా ఆక్రమణ కింద నలిగింది. 1999లో స్వాతంత్య్రానికి ఓటు వేస్తే, ఓర్వలేక ఊళ్లు తగలబెట్టినారు. కోర్టులు కాలిపోయినాయి, దస్త్రాలు బూడిదయినాయి. జడ్జీలు, ప్లీడర్లు, అధికారులు అంతా ఇండోనేసియా మనుషులే, వాళ్లు లేచిపోయినారు. ఆక్రమణ కాలంలో ఒక్క తైమూరు మనిషిని కూడా జడ్జీగా పెట్టలేదు. ఐక్యరాజ్యసమితి వాళ్లు వచ్చి చూస్తే న్యాయం తెలిసిన స్థానికుడు కనపడలేదు. అప్పుడేం చేసినారు? విమానాల్లో నుంచి కరపత్రాలు జల్లినారు. లా చదివినవాళ్లు ఎవరైనా ఉంటే రండి అని. వారం దినాల్లో పదిహేడు మంది దొరికినారు. రెండు నెలల్లో అరవై మందికి పైగా తేలినారు. చదువుకుని, పని ఇచ్చేవాడు లేక, ఊళ్లలోనూ కాందిశీకుల గుడారాల్లోనూ ఉన్నవాళ్లు. 2000 జనవరిలో వాళ్లలో నుంచే మొదటి జడ్జీలు, ప్రాసిక్యూటర్లు ప్రమాణం చేసినారు. అప్పటిదాకా ఒక్క కేసు కూడా వాదించని వాళ్లు! తప్పులు జరిగినాయి, శిక్షణ చాలలేదు, అది వేరే సంగతి. కానీ "అర్హులు లేరు" అన్న మాట ఎంత అబద్ధమో ఆ కరపత్రాలు తేల్చినాయి.

ఈ "అర్హులు లేరు" అనే మాట మనకు కొత్తదా? రిజర్వేషన్ పోస్టులు ఏండ్ల తరబడి ఖాళీగా పెట్టి, అర్హులు దొరకలేదని రాసి, బ్యాక్‌లాగ్ అని పేరు పెట్టలేదా? మన వాడల మీద కరపత్రాలు జల్లిన విమానం ఏదన్నా ఉందా?

శాంతి సేన అంటే దేవతల గుంపు అని మేము చెప్పడం లేదు. 2010లో హైతీకి పోయిన శాంతి సేన శిబిరం మురికి నీళ్లు ఏటిలో కలిసి కలరా పుట్టి దాదాపు పదివేల మంది చచ్చిపోయినారు. క్షమాపణ చెప్పడానికి ఐక్యరాజ్యసమితికి 2016 దాకా నోరు రాలేదు. ఆడవాళ్ల మీద, పసిపిల్లల మీద దళాల వాళ్లే అఘాయిత్యాలు చేసిన కేసులూ బయటపడినాయి. రక్షించను పోయినోడి మీద కూడా ఒక కన్ను వేసి ఉంచాల్సిందే. మన ఊళ్లలో పికెట్ పెట్టినప్పుడు పోలీసు ఎవరింట్లో భోంచేస్తాడో చూసినవాళ్లం, మనకు ఇది వేరేగా చెప్పాల్నా?

ఇప్పుడు మన దేశం సంగతికి వస్తాం. శాంతి దళాలకు మనుషులను పంపడంలో భారతదేశం ముందు వరుసలో ఉంటుంది. ఇంతవరకు రెండున్నర లక్షల మందికి పైగా పోయి వచ్చినారు. 2007లో లైబీరియాకు మొత్తం ఆడవాళ్లతోనే పోలీసు దళం పంపితే ప్రపంచమంతా మెచ్చుకుంది. తీహార్ జైలు అధికారిగా పేరు తెచ్చుకున్న కిరణ్ బేడీ 2003 నుంచి 2005 దాకా ఐక్యరాజ్యసమితిలో పోలీసు సలహాదారుగా పనిచేసింది. మంచిదే. మేము అడిగేదొకటే. జైళ్లలో మనుషులను మనుషులుగా చూడడం ఎట్లాగో ప్రపంచానికి నేర్పను పోయే దేశం, తన జైళ్లలో ఏం చేస్తా ఉండింది?

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. సుకన్య శాంత అనే జర్నలిస్టు వేసిన కేసు. ఆమె రాష్ట్రాల జైళ్ల నియమావళులు తిరగేసి, లోపలికి పోయి వచ్చినవాళ్లతో మాట్లాడి, ఉన్నదున్నట్టు బయట పెట్టింది. ఏముండాయి ఆ నియమాల్లో? వంట పని ఫలానా తగిన కులం వాడికివ్వాల. ఊడ్చే పని, పాకీ పని ఆ పని అలవాటున్న కులం వాడికివ్వాల. అలవాటంట! ఏ తల్లి కడుపులో నుంచి చీపురు పట్టుకుని పుట్టినారప్పా? ఎరుకల, యానాది లాంటి జాతులను తెల్లోడు 1871 చట్టంతో పుట్టు నేరస్తులు అన్నాడు. మన మద్రాసు రాజ్యంలో 1911 తరువాత అది పల్లెపల్లెకూ వచ్చింది. 1952లో ఆ చట్టాన్ని రద్దు చేసినారు. కానీ దాని దయ్యం జైలు పుస్తకాల్లో "సంచార జాతి", "అలవాటు పడిన నేరస్తుడు" అనే మాటల్లో దాక్కుని బతికింది. మన ఆంధ్రప్రదేశ్ జైలు నియమాలు కూడా ఆ కేసులో చర్చకు వచ్చినాయి.

సుప్రీంకోర్టు ఏమనింది? కులాన్ని చూసి పని పంచడం రాజ్యాంగ విరుద్ధం అనింది. అంటరానితనం రద్దు చేసిన 17వ అధికరణం, వెట్టిని నిషేధించిన 23వ అధికరణం జైలు గోడ దగ్గర ఆగిపోవనింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి కొట్టేయమనింది. నియమాలన్నీ మూడు నెలల్లో మార్చమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. స్వాతంత్య్రం వచ్చి 77 ఏండ్లు దాటినాక! బాబాసాహెబ్ రాజ్యాంగం రాసి ఇచ్చినాక, అది జైలు గేటు దాటి లోపలికి పోవడానికి ఇంత కాలం పట్టింది.

తీర్పు వచ్చింది కదా, అయిపోయిందా? కాగితం మీద గడి కొట్టేస్తే వార్డరు మనసులో గడి పోతుందా? లోపలికి పోయినోడిని ఇంటిపేరు అడిగితే చాలు, ఊరు అడిగితే చాలు. మన జిల్లాల్లో ఊరి పేరు పక్కన హెచ్.డబ్ల్యు. అని, ఏ.ఏ.డబ్ల్యు. అని ఇప్పటికీ రాస్తారు కదా. హరిజనవాడ, ఆది ఆంధ్ర వాడ. అడ్రసు చెప్పినా కులం చెప్పినట్టే.

ఐక్యరాజ్యసమితికి జైళ్ల మీద 122 నియమాలు ఉన్నాయి. 1955 నాటి వాటిని సవరించి 2015 డిసెంబరులో ఆమోదించినారు. వాటికి మండేలా నియమాలని పేరు పెట్టినారు. ఎందుకని? ఇరవై ఏడేండ్లు జైల్లో ఉన్న మనిషి పేరు కాబట్టి. అంటే అక్కడ వాళ్లు ఒక సంగతి ఒప్పుకున్నారు. జైలు గురించి తెలిసినోడు తాళం చెవి పట్టుకున్నోడు ఒక్కడే కాదు, తాళం వెనకాల ఉన్నోడు కూడా. ఆ లెక్కన మన వాడల్లో ఎంతమంది నిపుణులున్నారో లెక్క పెట్టుకోండి. పోలీసు స్టేషన్ మెట్ల మీద రాత్రంతా కూర్చున్న తల్లి, బెయిలుకు జామీనుదారు దొరక్క పదిమంది రైతుల కాళ్లు పట్టుకున్న తండ్రి.

జామీను అంటే గుర్తొచ్చింది. జడ్జీ బెయిలు ఇస్తాడు. ఇద్దరు జామీనుదారులు కావాలంటాడు. జామీనుకు పట్టాదారు పాస్‌బుక్కో, ఇంటి పన్ను రసీదో కావాల. మనకు భూమి ఎక్కడిది? పాస్‌బుక్కు ఎవరి దగ్గర ఉంటుంది? ఏ పెత్తందారు మీద కేసు పెట్టినామో వాడి దగ్గర, వాడి బామ్మర్ది దగ్గర. బెయిలు చేతిలో పెట్టుకుని జైల్లోనే ఉన్నవాళ్లు మన జాతిలో ఎంతమందో! 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది నేరం రుజువు కానివాళ్లే. నలుగురిలో ముగ్గురు. ఎస్సీలు, ఎస్టీలు జనాభాలో ఉన్న పాలు కంటే జైల్లో ఎక్కువ పాలు ఉన్నారు. భూమి పంపకంలో రాని వాటా జైలు పంపకంలో వచ్చింది.

మన శేషాచలం కొండల కింద ఏం జరిగిందో మీకు తెలుసు. 2013 డిసెంబరులో ఎర్రచందనం అడవిలో ఇద్దరు అటవీ అధికారులు హత్యకు గురయినారు. వాళ్లూ ఉద్యోగం చేసుకునే మనుషులే, వాళ్ల ఇండ్లలోనూ ఏడుపే. కానీ దానికి ఏం చేసినారు? తిరువణ్ణామలై, వేలూరు, ధర్మపురి పక్క నుంచి వచ్చిన తమిళ కూలీలను వందల మందిని ఒకే కేసులో ఇరికించినారు. కొండల్లో బతికే గిరిజనులు, పేద కులాల కూలీలు. కోర్టులో మాట్లాడే భాష రాదు, ఏం రాసినారో తెలియదు, వేలిముద్ర వేసినారు. రెండేండ్లు పైగా జైళ్లలో మగ్గినాక 2016లో ఈ తిరుపతి కోర్టే కేసు కొట్టేసింది. ఆ రెండేండ్లు ఎవరు తిరిగి ఇస్తారు? కేసు తేలకముందే, 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి మండలంలో ఇరవై మంది కూలీలను కాల్చి చంపినారు. చందనం కొన్న పెద్దలు మాత్రం ఏసీ కార్లలోనే ఉండారు. మధ్య ఆఫ్రికాకు దుబాసీలను, ప్లీడర్లను, జైలు నిపుణులను పంపుతారే, ఇక్కడికి ముప్పావు గంట దూరంలో తమిళం తెలిసిన ఒక ప్లీడరును ఆ కూలీల పక్కన మొదటి రోజే నిలబెట్టి ఉంటే ఏమై ఉండేది?

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాల. 1860లో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నెటాల్‌కు పోయింది. చెరుకు తోటల కూలీలతో పోయిన మొదటి ఓడ. ఆ తరువాత యాభై ఏండ్లు ఓడలు పోతానే ఉండినాయి. ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి చాలామంది పోయినారు. మన చిత్తూరు అప్పుడు ఆ జిల్లాలోదే, 1911లో కదా మనది వేరే జిల్లా అయింది. ఆ ఓడలు ఎక్కినవాళ్లలో మాల మాదిగలు ఉన్నారు, పరయాలు ఉన్నారు, బీద రైతులు ఉన్నారు. అట్లా పోయిన ఒక తమిళ కుటుంబంలో డర్బన్‌లో 1941లో ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు నవనీతం పిళ్లై. తండ్రి బస్సు డ్రైవరు. పేటలోని కూలీ జనం చందాలు వేసి ఆమెను లా చదివించినారు. మళ్లీ వినండి, చందాలు వేసి! ఆడది, అందులో నల్లరంగుది అని తెల్ల ప్లీడర్లు ఎవరూ పనికి తీసుకోకపోతే 1967లో సొంతంగా ఆఫీసు పెట్టుకుంది. మండేలా ఉన్న రాబెన్ దీవి జైలు ఖైదీలకు ప్లీడరును కలిసే హక్కు కోసం 1973లో కొట్లాడి గెలిచింది.

ఆ తరువాత రువాండా. 1994లో అక్కడ లక్షల మందిని ఊచకోత కోసినారు. దాని మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన కోర్టులో ఆమె జడ్జీ. ఒక ఊరి మేయరు మీద కేసు నడుస్తా ఉంది. చార్జిషీటులో హత్యలు ఉన్నాయి, ఆడవాళ్ల మీద జరిగినవి లేవు. ఆడ సాక్షులు వచ్చి నోరు విప్పినారు. బెంచి మీద ఉన్న ఒకే ఒక్క ఆడ జడ్జీ ఆమె, ఆ మాటలను పక్కన పెట్టనివ్వలేదు. అడిగింది, ఇంకా అడిగింది. చార్జిషీటు మారింది. 1998 సెప్టెంబరు 2న తీర్పు వచ్చింది. జాతిని నాశనం చేయడానికి ఆడవాళ్ల మీద చేసే అత్యాచారం కూడా జాతి హత్యే అని ప్రపంచంలో మొదటిసారి ఒక అంతర్జాతీయ కోర్టు చెప్పింది. తరువాత ఆమె 2008 నుంచి 2014 దాకా ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల హైకమిషనరుగా ఉండి, కుల వివక్ష మీద కూడా గట్టిగా మాట్లాడింది. ఆమె పుట్టిన ఆ డర్బన్‌లోనే 2001లో జాతి వివక్ష మీద ప్రపంచ సభ జరిగితే, మన దళితులు పోయి కులం సంగతి కూడా రాయండని అడిగినారు. మన ప్రభుత్వం అడ్డం పడింది. అది మా ఇంటి గొడవ అనింది.

బెంచి మీద ఎవరు కూర్చున్నారు అన్నది ఎంత తేడా తెస్తుందో చూసినారు కదా. ఇది ఆఫ్రికాలోనే కాదు, మన దగ్గరా చూసినాం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపినారు. కోర్టుకు మేము పోము, కోర్టే మా ఊరికి రావాల అని చుండూరు దళితులు పట్టు పట్టినారు. ఏండ్ల తరబడి కొట్లాడి, చంపిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించినారు. ప్రాసిక్యూటరు కూడా మేము నమ్మినోడే ఉండాలని పట్టుబట్టి బి. చంద్రశేఖర్‌ను వేయించుకున్నారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. గుండె మండిపోయే మాటే. అయినా చుండూరు తల్లులు తమ ఊరి కోర్టులో నిలబడి, తమ ప్రాసిక్యూటరు అడగంగా, తమ నోటితో చెప్పినారు. ఆ మాటలు రికార్డులో ఉన్నాయి. ఎవరూ చెరపలేరు.

కారంచేడు జరిగినప్పుడు 1985లో బొజ్జా తారకం హైకోర్టులో తన ప్రభుత్వ ప్లీడరు ఉద్యోగాన్నే వదిలేసి వచ్చినారు. "పోలీసులు అరెస్టు చేస్తే" అని చిన్న పుస్తకం రాసి పల్లె మనిషి చేతిలో పెట్టినారు. మా తరం వాళ్లం చట్టం నేర్చుకున్నది ఆ పుస్తకంలోనే.

చుండూరు వాళ్లు అడిగిన ఆ ప్రాసిక్యూటరు హక్కు ఇప్పుడు మనందరిదీ. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995 నిబంధనల్లో నాలుగో నిబంధన చదవండి. బాధితులు కోరితే తమకు నచ్చిన సీనియర్ ప్లీడరును కేసు నడపడానికి పెట్టమని కలెక్టరుకు అర్జీ పెట్టుకోవచ్చు. 2016 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చిన సవరణలో బాధితులకు, సాక్షులకు హక్కుల అధ్యాయమే ఒకటి ఉంది. చార్జిషీటు పడిన రెండు నెలల్లో విచారణ ముగించాలని ఉంది. ఎస్సీ ఎస్టీ అయితే చాలు, ఆదాయం చూడకుండా న్యాయ సేవాధికార సంస్థ ప్లీడరును ఉచితంగా ఇవ్వాల. మొదటిసారి కేసులో ఇరుక్కున్నోడు, శిక్షలో మూడో వంతు కాలం విచారణలోనే గడిపేస్తే విడుదల చేయాలని 2024 జూలై నుంచి అమలవుతున్న కొత్త చట్టం 479వ సెక్షన్ చెప్తా ఉంది. చావుశిక్ష, యావజ్జీవం పడే కేసులకు వర్తించదు. జామీను డబ్బు కట్టలేని పేద ఖైదీలకు ప్రభుత్వమే కట్టే పథకం 2023లో వచ్చింది. మీ మండలంలో ఒక్కరికన్నా అది అందిందేమో కనుక్కోండి. ఊరికే కాదు, పేరు రాసుకుని రండి.

నిన్న రాత్రి భోజనాల దగ్గర ఒక తమ్ముడు మమ్మల్ని నిలదీసినాడు. "అన్నా, మనల్ని లోపలేసేవాళ్ల ఉద్యోగాలకే మనల్ని పొమ్మంటారా? లాఠీ పట్టుకుని మన వాళ్లనే కొట్టమంటారా?" అని. న్యాయమైన ప్రశ్న. ఖాకీ వేసుకున్నాక వాడని మరిచిపోయినోళ్లు మనలోనూ ఉన్నారు, దాచిపెట్టేది లేదు. కానీ తమ్ముడూ, జైల్లో రాత్రి పూట గడియ తీసేది వార్డరు. కడుపు నొప్పి అని అరిస్తే డాక్టరును పిలవాలా వద్దా అని నిర్ణయించేది వార్డరు. ఎవడికి చీపురు ఇవ్వాల, ఎవడికి గరిటె ఇవ్వాల అని సుప్రీంకోర్టు తీర్పును అమలు చేసేది, తుంగలో తొక్కేది కూడా వార్డరే. ఆ కుర్చీలన్నీ పెత్తందారు కులాలకే వదిలేసి బయట నిలబడి నినాదాలు ఇస్తే, లోపలున్న మన పిల్లోడికి ఏమొస్తుంది? మేమే ఇందులో రెండు వైపులా ఆలోచించినాం. చివరికి పోవాలనే తేల్చుకున్నాం. పోయినోళ్ల మీద సంఘం కన్ను ఉండాల, అది షరతు.

పోయే దోవ కూడా మరీ దూరంలో లేదు. జైలు వార్డర్లను, డిప్యూటీ జైలర్లను రాష్ట్ర పోలీసు నియామక మండలి ద్వారా తీసుకుంటారు. 2018 నోటిఫికేషన్లలో ఆ పోస్టులు కానిస్టేబుళ్లు, ఎస్సైల పోస్టులతో కలిపే వచ్చినాయి. మన పిల్లలు కానిస్టేబుల్ అని ఒక్కటే చూస్తారు, కింద వార్డరు అని రాసింది చూడరు. దక్షిణాది రాష్ట్రాల జైలు అధికారులకు తర్ఫీదు ఇచ్చే అకాడమీ 1979 నుంచి వేలూరులో ఉంది. చిత్తూరు నుంచి గంట ప్రయాణం. అక్కడికి పోయేవాళ్లలో మన వాడల పిల్లలు ఎంతమంది? ఆ తల్లికి మేము చెప్పిన జవాబు ఇదే. అమ్మా, నీ కొడుకు ఐక్యరాజ్యసమితికి పోవాలంటే ఏజెంటు దగ్గర దోవ లేదు. ముందు ఇక్కడ వార్డరో, డిప్యూటీ జైలరో కావాల, ఏండ్లు పని చేయాల, ఇంగ్లీషు నేర్వాల, అప్పుడు ప్రభుత్వం పంపే పేర్లలో నీ కొడుకు పేరు ఎందుకు లేదని మనం అడగాల.

ప్లీడర్ల సంగతి ఇంకా కష్టం. తిరుపతిలో వెంకటేశ్వర యూనివర్సిటీ ఉంది, పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది, లా చదివే మన ఆడపిల్లలు, మగపిల్లలు ఉన్నారు. పట్టా చేతికొచ్చినాక ఏమవుతుంది? సీనియర్ దగ్గర ఫైళ్లు మోయాల. సీనియర్లు ఎక్కువ మంది ఏ కులాలో మీకు తెలుసు. మొదటి మూడేండ్లు బస్సు చార్జీ కూడా రాదు. 2025 మే 20న సుప్రీంకోర్టు, జూనియర్ సివిల్ జడ్జీ పరీక్ష రాయాలంటే మూడేండ్లు ప్రాక్టీసు ఉండాలని చెప్పింది. కోర్టు అనుభవం ఉండాలనడం తప్పని మేము అనం. కానీ ఆ మూడేండ్లు ఎవరింట్లో కూర్చుని తినాల? తండ్రి ప్లీడరయినోడికి అది మూడేండ్ల శిక్షణ. తండ్రి కూలివాడయినోడికి మూడేండ్ల పస్తు. ఎస్సీ లా పట్టభద్రులను సీనియర్ ప్లీడర్ల దగ్గర పెట్టి నెలనెలా స్టయిపెండు ఇచ్చే పథకం మన సాంఘిక సంక్షేమ శాఖలో ఉండేది. జిల్లాకు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందికి, టీ ఖర్చుకు చాలే డబ్బు. దాన్ని జిల్లాకు పదుల సంఖ్యలో, బతకగలిగేంత మొత్తంతో ఇవ్వమని అడగడం మన ముందున్న మొదటి పని.

రెండో పని మన చేతిలోదే. డర్బన్ కూలీలు చేసింది మనం చేయలేమా? గంగజాతరకు చందా వేస్తాం. పెళ్లికి చదివింపులు రాస్తాం. ఒక్కో మండలంలో ఒక్క ఆడపిల్లను, ఒక్క పిల్లోణ్ణి మూడేండ్లు లా ప్రాక్టీసులో నిలబెట్టడానికి ఇంటికి నెలకు ఇరవై రూపాయలు చాలు. నూరు ఇండ్లుంటే రెండు వేలు, అయిదు వాడలు కలిస్తే పదివేలు. మాల, మాదిగ, యానాది, ఎరుకల అని గిరి గీసుకోకుండా ఒకే పుస్తకంలో రాయాల. ఈ గిరి దగ్గరే మన చందాలన్నీ ఇంతకుముందు ఆగిపోయినాయి, మొహమాటం లేకుండా ఒప్పుకోవాల. లెక్క ఎవరు రాయాలో, పుస్తకం ఎవరి దగ్గర ఉండాలో మధ్యాహ్నం మండలాల వారీగా కూర్చున్నప్పుడు తేల్చండి. రాసేది ఆడవాళ్లయితే మేలని మా అభిప్రాయం, డ్వాక్రా పుస్తకాలు రాసి చేయి తిరిగింది వాళ్లకే.

ఆ పిల్లోడి సంగతి చెప్పి ముగిస్తాం. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకుండా రెండుసార్లు తిప్పి పంపినారు. డబ్బు ఫోన్ ద్వారా పంపిన రసీదులు, ఏజెంటు మెసేజీలు, ఆ దొంగ కాగితం అన్నీ జెరాక్సు తీసి పెట్టినాం. సైబర్ మోసాలకు 1930 అనే నంబరుకు కూడా చెప్పించినాం. వచ్చే సోమవారం చిత్తూరు కలెక్టరాఫీసులో అర్జీల రోజు. పిల్లోడినీ, తల్లినీ తీసుకుని పోతా ఉన్నాం. మీ ఊళ్లలో ఇట్లాంటి కాగితాలకు డబ్బు కట్టినోళ్లు ఎవరైనా ఉంటే సిగ్గుపడి దాచుకోవద్దని చెప్పి వెంట తీసుకురండి. పది గంటలకు ముందే గాంధీ బొమ్మ దగ్గర ఉంటాం. అన్నం మూటలు తెచ్చుకోండి, సాయంత్రం దాకా పడుతుంది.

జై భీం.